కార్డు మారిస్తే తెలిసిపోతుంది

డిపోలో అందరూ అతన్ని గడియారం అని పిలుస్తారు. ఇరవై ఆరేళ్ళుగా సిటీ బస్సు నడుపుతున్నాడు. ఏడో నంబరు బస్సు మార్కెట్టు స్టాపులో ఆగిందంటే ఏడూ ఇరవై అయినట్టే, అనుమానముంటే మీ వాచీలు సరిచేసుకోండి అని కండక్టరు ప్రయాణికులతో పందెం కాసేవాడు. అంతటి మనిషి మూడు వారాలుగా ఒక్క చిన్న విషయం తేల్చుకోలేక ఇంట్లో కాలుగాలిన పిల్లిలా తిరుగుతున్నాడు. ఆ విషయం ఏమిటంటే, గేమింగ్ కంప్యూటరులో తెర మీద బొమ్మలు వేసే గ్రాఫిక్స్ కార్డు మార్చాలా, వద్దా.

నవ్వుకునేవాళ్ళు నవ్వుకోండి. నెల కిందట ఎవరైనా చెబితే అతనూ పడీ పడీ నవ్వేవాడే. ఇప్పుడు మాత్రం కార్డు మాట ఎత్తితే చాలు, అరచేతులకు చెమటలు పడుతున్నాయి. ఖరీదు చూసి కాదు. కొత్త కార్డు పనిచేయదేమోనని కూడా కాదు. అది బ్రహ్మాండంగా పనిచేస్తుందేమోనని అతని భయం.

ఆ కంప్యూటరు కూతురిది. ముక్క ముక్కగా కొని తెచ్చి తనే బిగించుకుంది. ఉద్యోగం వచ్చి వేరే ఊరు వెళ్ళిపోతూ దాన్ని తండ్రికి అప్పగించింది. ఉత్తినే అప్పగించలేదు, బల్లకు ఒక ఆట స్టీరింగు బిగించి, కింద పెడళ్ళు పెట్టి, బస్సు నడిపే గేమ్ ఒకటి ఎక్కించి మరీ వెళ్ళింది. అప్పటినుంచి అతనికి ఉదయం అయిదు మొదలు ఒంటిగంట దాకా నిజం బస్సు, మధ్యాహ్నం మూడు మొదలు నాలుగు దాకా బొమ్మ బస్సు.

"పొద్దున్నుంచీ బస్సు తోలి వచ్చి మళ్ళీ బస్సేనా? ఇంకేదైనా ఆట ఆడుకోవచ్చుగా. తుపాకులవీ అవీ ఉంటాయట" అనేది భార్య.

"ఇందులో చిల్లర కోసం కొట్లాడేవాడుండడే. ఫుట్‌బోర్డు మీద వేలాడేవాడుండడు. ఇదే స్వర్గం" అనేవాడతను.

ఆమె పక్క గదిలో కుట్టుమిషను ముందు కూర్చుంటుంది. ఆ వీధిలో ఎవరి ప్యాంటు పొట్టి చేయాలన్నా, ఎవరి చొక్కా వదులు చేయాలన్నా ఆమె చేతిలో పడాల్సిందే. రెండు గదుల మధ్య తలుపు ఎప్పుడూ తీసే ఉంటుంది. అటు మిషను టకటక, ఇటు అతని గొణుగుడు. పెళ్ళయి ఇరవై నాలుగేళ్ళయినా వాళ్ళ మధ్యాహ్నాలు ఆ రెండు చప్పుళ్ళతోనే గడిచేవి.

గొణుగుడంటే పనిలేని గొణుగుడు కాదు. ఆ డిపోలో పాతకాలపు డ్రైవర్లందరికీ పని నేర్పింది ఒక్క మనిషే. ఆయన్ని పెద్దన్న అనేవారు. ఆయన పద్ధతికి పేరు నోటితో తోలడం. రోడ్డు మీద ఏది కనపడితే అది పైకి చెప్పాలి. "ఎడమ సైకిలు. ముందు వ్యాను, బ్రేకు లైటు. కుడి అద్దం ఖాళీ. మార్కెట్టు స్టాపు, దిగేవాళ్ళున్నారు." స్టీరింగు ముందు కూర్చున్నంతసేపూ ఇది సాగుతూనే ఉండాలి. కొత్తగా ఎక్కినవాళ్ళు ఈ డ్రైవరుకేదో పట్టిందనుకుని వెనక సీట్లకు జరిగేవారు. నేర్చుకునే రోజుల్లో మాట ఒక్క క్షణం ఆగితే పెద్దన్న చెక్క స్కేలుతో మోకాలి మీద ఒక్కటిచ్చేవాడు.

"కన్ను చూసింది నోరు చెప్పాలిరా. నోరు ఆగిందంటే కన్ను ఆగినట్టే. కన్ను ఆగినవాడు నా బస్సు ముట్టుకోవద్దు" అనేవాడు.

పెద్దన్న పోయి పన్నెండేళ్ళయింది. ఆయన శిష్యులకు ఆ అలవాటు మాత్రం పోలేదు. గడియారానికైతే స్నానాల గదిలోకి వెళ్తున్నా "ఎడమ బకెట్టు, ముందు తడి" అని నోట్లోంచి వచ్చేస్తుంది.

మూడు వారాల కిందట ఒక మధ్యాహ్నం గేమ్‌లో పొగమంచు పెట్టుకుని నడుపుతున్నాడు. ముందు వంతెన కనపడింది. "వంతెన, వేగం తగ్గించు" అన్నాడు. మరుక్షణం చూస్తే బస్సు వంతెన దాటేసి పిట్టగోడను గుద్దుకుని ఉంది. మధ్యలో వంతెన ఏమైందో తెలియదు. పొడుగాటి గుడ్డలోంచి ముక్క కత్తిరించేసి రెండు కొసలూ కలిపి కుట్టినట్టుగా ఉంది. "దీని తస్సాదియ్యా!" అని కంప్యూటరు నెత్తిన ఒక్కటి చరిచి, కూతురికి ఫోన్ చేశాడు.

"కార్డు పాతదైపోయింది నాన్నా. పొగమంచూ వర్షమూ పెడితే దానికి ఊపిరాడదు. బొమ్మ ఆగిపోయి దూకుతుంది. కొత్తది వేయించుకో, సరిపోతుంది."

"అంతేనంటావా తల్లీ?"

"అంతే. ఇంతకీ బొమ్మ ఆగినప్పుడు ఇంజను చప్పుడు కూడా ఆగిందా? ఆగితే తప్పు కంప్యూటరుదే."

అతనికి గుర్తు లేదు. గుర్తు లేదని చెబితే నవ్వుతుందేమోనని "ఆఁ, ఆగింది" అన్నాడు. గోరంత అబద్ధం. చెప్పిన మరుక్షణమే మర్చిపోయాడు.

మర్నాడు డిపో క్యాంటీనులో టీ తాగుతూ, మా ఇంట్లో కార్డు ముసలిదైపోయింది, కొత్తది వేయిస్తున్నానని గొప్పగా చెప్పుకున్నాడు కూడా. వారం తిరక్కుండా మార్పించేద్దామనుకున్నాడు. ఆ వారంలోనే ఇంకో సంగతి జరిగింది.

నాలుగు రోడ్ల కూడలిలో ఎర్ర లైటు పడితే బస్సు ఆపాడు. "ఎర్ర. ముందు తెల్ల కారు" అన్నాడు. ఆ వెంటనే చెవులు పగిలేలా వెనక హారన్ల మోత. కండక్టరు భుజం పట్టుకుని ఊపుతున్నాడు.

"అన్నా! పచ్చ లైటు పడి ఎంతసేపయింది? నిద్రపోయావా ఏంటి?"

ముందున్న తెల్ల కారు లేదు. అది వెళ్ళడం అతను చూడలేదు. కళ్ళు మూసుకోలేదు, కునుకు రాలేదు, తల తిరగలేదు. ఉన్న కారు లేకుండా పోయింది, అంతే. వంతెన లేకుండా పోయినట్టే.

"రాత్రి సరిగ్గా నిద్ర పట్టలేదురా" అని గేరు వేశాడు. క్లచ్చి మీద కాలు వణకడం కండక్టరుకు కనపడకుండా మోకాలు చేత్తో నొక్కిపట్టుకున్నాడు.

నిజం రోడ్డుకు గ్రాఫిక్స్ కార్డు ఉండదు. ఈ ఆలోచన బుర్రలో పడ్డప్పటినుంచి అతనికి తిండి సయించలేదు. డ్యూటీ దిగి ఇంటికొచ్చి కంప్యూటరు ముందు కూర్చున్నాడు గానీ బటను నొక్కలేదు. పాత కార్డు ఉన్నన్నాళ్ళూ తప్పు కార్డుది. దాన్ని పీకేసి కొత్తది పెట్టాక కూడా వంతెనలు మాయమైతే? అప్పుడు తప్పు ఎవరి మీద వేయాలి? ఆడలేక మద్దెల ఓడు అన్నవాడికి ఎవరైనా కొత్త మద్దెల తెచ్చిస్తే వాడి గతేమిటో, ఇప్పుడు ఇతని గతీ అదే.

తప్పు తన బుర్రదేనని తేలితే బస్సు పోతుంది. అది ఖాయం. బస్సు పోతే తను ఎవరు? ఇంట్లో భర్త, ఫోన్లో నాన్న, అంతేగా. ఆ గడియారమనే పేరు కూడా బస్సుదే, అతనిది కాదు. తేలకపోతే? రోజూ వీపు వెనక అరవై మంది కూర్చుంటారు. పొద్దున్నే ఆఫీసులకు వెళ్ళేవాళ్ళు, బడికి వెళ్ళే పిల్లలు, ఒళ్ళో సంచీ పెట్టుకుని కునికిపాట్లు పడే ముసలమ్మలు. ముందు నుయ్యి, వెనక గొయ్యి. మామూలుగా నూతిలో పడేది పడేవాడొక్కడే. ఇతను పడితే అరవై మందిని వెంటేసుకుని పడతాడు. అది తెలిసి కూడా మర్నాడు పొద్దున్నే అయిదింటికి స్టీరింగు పట్టుకున్నాడు చూడండి, దాన్ని మాత్రం నేను వెనకేసుకు రాను. పిరికితనమే అది. మంచివాళ్ళకు కూడా పిరికితనం ఉంటుంది.

అప్పటినుంచి సాకులు మొదలయ్యాయి. ఆ సాకుల కోసం అతను నేర్చుకున్నంత విద్య బళ్ళో కూడా నేర్చుకోలేదు. ఏ కార్డు ఎంత పొడుగో, ఏది ఎంత కరెంటు తింటుందో, ఏది వేడెక్కుతుందో వీడియోలు చూసి చూసి కంఠతా పట్టాడు.

"ఆ కార్డు మన పెట్టెలో పట్టదే. రెండు వేళ్ళు పొడుగు ఎక్కువ" అన్నాడు ఒకరోజు.

"పొట్టిది కూడా ఉంటుందటగా. అమ్మాయి చెప్పింది" అంది భార్య.

"పొట్టిదైతే వేడెక్కుతుంది."

ఇంకో రోజు, "కరెంటు పెట్టె సరిపోదట. అదీ మార్చాలి" అన్నాడు.

"మార్చండి."

"రెండు నెలలాగితే కొత్త రకం వస్తుందట."

"వచ్చినప్పుడు అదీ చూద్దాం. ముందు ఇది వేయించండి."

ఇక్కడే అతను అనుమానపడాల్సింది. ఇంట్లోకి కొత్త దుప్పటి కొనాలన్నా, పాతదానికి ఇంకో కుట్టు వేస్తే ఏడాది వస్తుందనే మనిషి ఆమె. అలాంటిది ఆటల కంప్యూటరుకు కార్డు కొనమని రోజుకోసారి పోరుతోంది. ఎందుకు పోరుతోందో అతను ఆలోచించలేదు. భయపడే మనిషికి తన భయం తప్ప పక్కవాళ్ళది కనపడదు.

తండ్రి వాయిదాలు చూసి కూతురు ఇంకో ఉపాయం చెప్పింది. గేమ్‌లో ఒక సెట్టింగు నొక్కితే తెర మూలన ఒక అంకె వస్తుంది. సెకనుకు ఎన్ని బొమ్మలు వేస్తోందో ఆ అంకె చెబుతుంది.

"బొమ్మ దూకినప్పుడు ఆ అంకె పడిపోతే తప్పు కార్డుదే నాన్నా. పడిపోకపోతే కార్డుది కాదు, ఇంకేదో అన్నమాట. ఒక్కసారి చూసి చెప్పు."

అంకె పెట్టుకుని నడిపాడు. నలభై ఒకటి దగ్గర నిలకడగా ఉంది. పది నిమిషాల తర్వాత మళ్ళీ ఒక ముక్క ఎగిరిపోయింది. పెట్రోలు బంకు ముందుండాల్సింది వెనక ఉంది. చటుక్కున మూలకు చూశాడు. నలభై ఒకటి. పడిపోయి మళ్ళీ లేచి ఉంటుందిలే, నేను చూసేలోపు సర్దుకుని ఉంటుందిలే అనుకున్నాడు. అనుకుని, లేచి వెళ్ళి మందుల పెట్టెలోంచి దెబ్బలకు వేసే ప్లాస్టరు తెచ్చి, ఆ అంకె మీద అతికించేశాడు.

భార్య టీ గ్లాసు తెచ్చి ఆ ప్లాస్టరు వంక చూసింది. "తెరకు దెబ్బ తగిలిందా?" అంది.

"మెరుస్తోంది. కళ్ళకు ఇబ్బందిగా ఉంది" అన్నాడు, తేలు కుట్టిన దొంగలా.

ఆమె గ్లాసు పెట్టేసి వెళ్ళి మిషను ముందు కూర్చుంది. మిషను మాత్రం చాలాసేపు తిరగలేదు.

అలా ఎన్నాళ్ళు సాగదీసేవాడో గానీ, ఆసుపత్రి స్టాపు అతనికి గడువు పెట్టింది. ఆ స్టాపుకు ముందు రోడ్డు మీద తెల్ల చారలుంటాయి. పొద్దున ఎనిమిది వేళ రోగులూ, నర్సులూ, బడిపిల్లలూ అక్కడే రోడ్డు దాటుతారు. ఆ రోజు "తెల్ల చారలు, వేగం తగ్గించు" అన్నాడు. ఆ తర్వాత వినపడింది బస్సు నిండా అరుపులు.

"ఆపండి! ఆపవయ్యా! స్టాపు దాటిపోయింది!"

బ్రేకు తొక్కాడు. స్టాపు వెనక ఉంది. తెల్ల చారలు అంతకంటే వెనక ఉన్నాయి. వాటి మీదుగా బస్సు వచ్చింది. వచ్చినప్పుడు వాటి మీద మనుషులున్నారో లేదో అతనికి తెలియదు. ఎంత తడుముకున్నా గుర్తు రాదు, ఎందుకంటే చూడలేదు. అద్దంలోకి చూడడానికి మెడ తిరగలేదు. రెండు చేతులతో స్టీరింగు పట్టుకుని, మెల్లగా కుడి అద్దం వైపు కళ్ళు తిప్పాడు. రోడ్డు మీద ఎవరూ పడి లేరు. ఎడమ అద్దంలోకి చూశాడు. అక్కడా ఎవరూ లేరు. చేతికి కట్టుతో ఉన్న ఒక ముసలాయన గొణుక్కుంటూ దిగి స్టాపు వైపు వెనక్కి నడుస్తున్నాడు.

"ఏంటన్నా, నువ్వు స్టాపు తప్పడం ఏంటి?" అన్నాడు కండక్టరు. అతని గొంతులో ఈసారి వేళాకోళం లేదు.

"బ్రేకు కొంచెం జారిందిరా" అన్నాడు. నిక్షేపంలాంటి బ్రేకు మీద నింద వేశాడు.

డ్యూటీ దిగాక డిపోలో బస్సు చుట్టూ మూడుసార్లు తిరిగాడు. వంగి ముందు బంపరు చూశాడు, చక్రాలు చూశాడు, చక్రాల వెనక చూశాడు. దుమ్ము తప్ప ఏమీ లేదు. అయినా జేబురుమాలు తీసి బంపరు ఆ చివరనుంచి ఈ చివరదాకా తుడిచి, రుమాలు విప్పి చూసుకున్నాడు. నల్లగా మట్టి. ఎరుపు లేదు. అక్కడే బస్సు నీడలో చతికిలపడి కాసేపు ఏడ్చాడు. తర్వాత రెండు రోజులు సెలవు రాసిచ్చి, ఇంటికెళ్ళి, కంప్యూటరు పెట్టెను పసిపిల్లను ఎత్తుకున్నట్టు ఎత్తుకుని రిపేరు షాపుకు నడిచాడు.

కార్డు బాగైతే రోడ్డు మీద జరిగిందంతా ఎలా మాసిపోతుందని అడక్కండి. ఆ లెక్క కుదరదని అతనికీ తెలుసు. కానీ మనసులో ఒక ఒప్పందం చేసుకున్నాడు. కొత్త కార్డుతో గంటసేపు నడిపి ఒక్క ముక్క కూడా ఎగరకపోతే, తను బాగున్నట్టే, మిగతావన్నీ నిద్రలేమి. ఎగిరితే, ఇక బస్సు ఎక్కడు. నీళ్ళలో మునిగేవాడు గడ్డిపోచను పట్టుకుంటాడు, ఇతను కార్డును పట్టుకున్నాడు.

రిపేరు షాపాయన పెట్టె పక్క రేకు విప్పి ఊదాడు. దుమ్ము లేచింది. పాత కార్డు బయటికి తీసి వెలుతురులో తిప్పి చూశాడు.

"దీనికేం సార్, నిక్షేపంగా ఉందే. ఎందుకు మారుస్తున్నారు?"

గడియారం పెట్టె అంచు పట్టుకున్నాడు. "బొమ్మ దూకుతోంది" అన్నాడు.

"దూకే జబ్బు ఉంటే ఇలా ఉండదు సార్. సరే, మీ ఇష్టం. కొత్తది పెట్టి ఇస్తాను. రెండు రోజులు చూడండి, తేడా లేకపోతే వెనక్కి తెచ్చేయండి." కొత్త కార్డును గాడిలో పెట్టి బొటనవేలితో నొక్కాడు. టక్కుమంది. ఆ చప్పుడుకు గడియారం ఉలిక్కిపడ్డాడు.

ఇంటికి తెచ్చేసరికి మూడయింది. భార్య మిషను వదిలేసి వచ్చి పక్కన కుర్చీ వేసుకుంది. ఆమె ఆ గదిలో కూర్చోవడం అదే మొదటిసారి. అతను గోటితో ప్లాస్టరు పీకాడు. జిగురు మరక మిగిలింది. మరక వెనక అంకె వెలిగింది. తొంభై.

"నేను రోడ్డు చూస్తాను. నువ్వు ఈ అంకె చూడు. పడిపోతే చెప్పు" అన్నాడు.

"చూస్తాను" అంది.

పొగమంచు పెట్టాడు. వర్షం కూడా పెట్టాడు. బస్సు కదిలింది. "ఎడమ అద్దం ఖాళీ. ముందు స్కూటరు. మొదటి స్టాపు, ఎక్కేవాళ్ళు ముగ్గురు." గొంతు మొదట్లో వణికింది, పోను పోను కుదుటపడింది. తెర మీద చినుకు చినుకూ విడిగా కనపడుతోంది. వంతెన వచ్చింది. "వంతెన, వేగం తగ్గించు. వంతెన మీద. కుడి లారీ. వంతెన దాటాం." మొత్తం వంతెన కనపడింది, ఈ కొసనుంచి ఆ కొసదాకా. పెట్రోలు బంకు ముందు వచ్చింది, పక్కకు వచ్చింది, వెనక్కి పోయింది. ఏదీ మాయం కాలేదు. చివరి స్టాపులో బస్సు ఆపి టైము చూసుకుంటే గంట దాటి అయిదు నిమిషాలు.

"చూశావుటే!" అని కుర్చీలోంచి లేచాడు. "ఒక్కటి లేదు! గంటలో ఒక్క ముక్క కూడా పోలేదు! కార్డేనే అది, ముదనష్టపు కార్డు! మూడు వారాలు నా ప్రాణం తీసింది!" నవ్వుతున్నాడు, కళ్ళలో నీళ్ళు కారుతున్నాయి. "అంకె పడిందా?"

"లేదండీ. ఒక్కసారి కూడా పడలేదు."

"మరింకేం?"

ఆమె లేవలేదు. చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. "ఎన్ని స్టాపులండీ ఈ రూటులో?"

"ఇరవై రెండు."

"నేను ఇరవై ఒకటే విన్నాను."

"నువ్వు అంకె చూస్తూ ఒకటి వినలేదేమో."

"అంకెను కళ్ళతో చూశాను. మిమ్మల్ని చెవులతో విన్నాను." ఆమె తెర వైపు వేలు చూపింది. "పార్కు తర్వాత పొడుగాటి రోడ్డులో మీ నోరు ఆగింది. నేను లెక్కపెట్టాను. ఆరు దాకా లెక్కపెట్టాను. మీ కళ్ళు తెరిచే ఉన్నాయి. మిమ్మల్ని పిలిచాను కూడా."

"పిలిచావా?"

"రెండుసార్లు."

అతనికి ఆ పిలుపు వినపడలేదు. గేమ్‌లో నడిపినదంతా మళ్ళీ వేసి చూపించే బటను ఒకటుంది. అది నొక్కాడు. వేళ్ళు రెండుసార్లు తప్పాయి. పార్కు వచ్చింది. తర్వాత తిన్నగా ఉన్న రోడ్డు. స్టాపులో గొడుగు పట్టుకున్న బొమ్మ మనిషి ఒకామె చెయ్యెత్తింది. బస్సు వేగం తగ్గలేదు. స్టీరింగు ఇసుమంత కదల్లేదు. వర్షం ఒక్కో చినుకూ పడుతూనే ఉంది, బొమ్మ ఎక్కడా ఆగలేదు, అంకె తొంభై దగ్గరే ఉంది. గొడుగును రాసుకునేంత దగ్గరగా బస్సు ఆమె పక్కనుంచి వెళ్ళిపోయింది. రోడ్డు తిన్నగా ఉంది గనక అతనికి తెలియలేదు. వంపు ఉంటే తెలిసేది. ఇలా తిన్నటి రోడ్ల మీద ఎన్ని పోయాయో, అవి ఎన్నటికీ తెలియవు.

కుర్చీలో కూలబడ్డాడు.

భార్య అతని చెయ్యి పట్టుకుని పక్క గదిలోకి తీసుకెళ్ళింది. గుడ్డలు కత్తిరించే బల్ల మీది దుప్పటి తొలగించింది. చెక్క అంచున సుద్దతో గీసిన సన్నటి గీతలున్నాయి, కొలతల గుర్తుల్లా. అయిదేసి చొప్పున కట్టలు కట్టి ఉన్నాయి. మొత్తం పదిహేడు.

"మీ మాట ఆగినప్పుడల్లా ఒకటి గీశాను. ఇరవై నాలుగేళ్ళుగా వింటున్నాను కదండీ, మిషను ఎంత మోత చేసినా మీ గొంతు ఆగితే నా కాలు ఆగిపోతుంది."

"మరి నాతో ఎందుకు చెప్పలేదు?"

"మీరు కార్డన్నారు." ఆమె పైటకొంగుతో ముఖం తుడుచుకుంది. "తప్పు కార్డుదే కావాలని నేను కూడా కోరుకున్నాను. కొత్తది వేస్తే ఈ గీతలు ఆగిపోతాయనుకున్నాను. రోజూ పొద్దున మీరు చెప్పులేసుకుని వెళ్తుంటే నోటిదాకా వచ్చేది. ఆపితే మిమ్మల్ని చంపినట్టుంటుందని భయం. ఆపకపోతే ఎవర్ని చంపుతారోనని భయం."

అతనికి మోకాలి మీద చెక్క స్కేలు దెబ్బ పడ్డట్టనిపించింది. చొక్కా జేబులోంచి ఫోన్ తీశాడు. డిపో మేనేజరు ఒకప్పుడు డ్రైవరే, పెద్దన్న దగ్గర ఇతనికంటే మూడేళ్ళు ముందు నేర్చుకున్నవాడు.

"సార్, సెలవు అయిపోయాక కూడా నా బండికి వేరే మనిషినే వేయండి."

"ఏమయ్యా, జ్వరమా?"

"కాదు సార్." ఫోన్ రెండో చెవికి మార్చుకున్నాడు. "నోరు ఆగుతోంది."

ఆ మాటకు అర్థం తెలియని అధికారి అయితే వంద ప్రశ్నలు వేసేవాడు.

"ఎన్నాళ్ళనుంచి?" అన్నాడు మేనేజరు.

"మూడు వారాలు. నాకు తెలిసి."

"తెలిసీ నడిపావా?"

"నడిపాను సార్."

"రేపు పొద్దున రా. బస్సులో రా. నువ్వు ఏ బండీ నడపకుండా రా. ఇక్కణ్ణుంచి ఆసుపత్రికి నేను తీసుకెళ్తాను" అని పెట్టేశాడు.

మర్నాడు ఏడు గంటలకు భార్యాభర్తలిద్దరూ ఏడో నంబరు బస్సు ఎక్కారు. ముందు సీటులో కూర్చున్నారు. స్టీరింగు దగ్గర ఎవరో కొత్త కుర్రాడు, పెదవి కదపకుండా నడుపుతున్నాడు. కండక్టరు టికెట్లు చింపి ఇచ్చాడు గానీ అతని కళ్ళలోకి చూడలేకపోయాడు. ఇరవై ఆరేళ్ళలో మొదటిసారి గడియారానికి చేతుల్లో పట్టుకోవడానికేమీ లేదు. సీటు ముందున్న కడ్డీ పట్టుకున్నాడు. ఆసుపత్రిలో ఏం చెబుతారో తెలియదు. ఇవి పెరుగుతాయా, తగ్గుతాయా, ఒకరోజు ఆగిన నోరు మళ్ళీ తెరుచుకోకపోతే ఎలా అన్న ప్రశ్నలు ఒకదాని మీద ఒకటి పడుతున్నాయి. అయినా అలవాటు ఊరుకోదు కదా.

"ఎడమ పాల వ్యాను" అన్నాడు మెల్లగా. "ముందు స్కూటరు, ఇద్దరున్నారు. కుడి పక్క..."

"మార్కెట్టు స్టాపు, దిగేవాళ్ళున్నారు."

అది భార్య గొంతు. అతను తల తిప్పి చూశాడు. ముందు స్కూటరు లేదు. పాల వ్యాను లేదు. బస్సు మార్కెట్టు స్టాపులో ఆగి ఉంది, ఎక్కేవాళ్ళు ఎక్కుతున్నారు. కడ్డీ మీద తన చెయ్యి ఉంది, ఆ చేతి మీద ఆమె చెయ్యి ఉంది. అది ఎప్పుడు వచ్చి పడిందో తెలియదు.

"ఎంతసేపు?" అన్నాడు.

"నలభై దాకా లెక్కపెట్టాను" అంది. "మధ్యలో ఎర్ర లైటు వచ్చింది, చెప్పాను. రోడ్డు దాటేవాళ్ళొచ్చారు, చెప్పాను. అన్నీ చెప్పాను."

స్టాపు ఎదుటి మందుల షాపులో గోడ గడియారం ఏడూ ఇరవై ఆరు చూపిస్తోంది. బస్సు ఆరు నిమిషాలు ఆలస్యం. తలుపు మూసుకుంది. ఆమె చెయ్యి తీయలేదు, అతను మళ్ళీ మొదలుపెట్టేదాకా అతని నోటివంకే చూస్తూ కూర్చుంది.